కాలమునకు లెక్క వ్రాసికొనిన సెనెకా

ప్రాచీన రోమాపురమున వర్ధిల్లిన తత్త్వవేత్తలలో లూసియస్ అన్నేయస్ సెనెకా మిక్కిలి ప్రసిద్ధుడు. కాలము యొక్క విలువను గూర్చి ఇతడు వ్రాసినంత నిశితముగా ప్రాచీనులలో మరియొకరు వ్రాసియుండలేదనుట సాహసము కాదు. కాలము విలువ యనునది మన పాఠశాలలలో ఏటేట వ్యాసరచనకు ఇచ్చు విషయమే. విద్యార్థులు దానిని గూర్చి రెండు పుటలు వ్రాసి, మార్కులు పొంది, మరునాడు యథాప్రకారము కాలమును పారబోయుచుందురు. సెనెకా కథ యిందుకు పూర్తిగా భిన్నమైనదని చెప్పుటకు వీలులేదు. ఇతడును గొప్పగా వ్రాసెను; వ్రాసిన పిమ్మట తన వయస్సులోని మేలైన భాగమును పరాధీనము చేసెను; తుదకు మిగిలిన మూడేండ్లను మాత్రము చిట్టా వ్రాయు వర్తకునివలె దినదినము లెక్క చూచుకొనుచు గడపెను. దోషరహితులగు మహాత్ముల చరిత్రములను చదివినపుడు మనము నమస్కరించి ఊరకుందుము. ఇట్టివాని చరిత్రమును చదివినపుడు ఊరకుండుట కష్టము.

క్రీస్తు పూర్వము 4వ సంవత్సర ప్రాంతమున, స్పెయిను దేశమునందలి కొర్దుబా పట్టణమున సెనెకా జన్మించెను. ఆ ప్రాంతము అప్పటికే రోమీయుల పాలనలో నుండెను. తండ్రికిని సెనెకాయే పేరు. అతడు వాక్చాతుర్య శాస్త్రమున పండితుడు; తాను పడుచుతనమున వినిన ఉపన్యాసములను వృద్ధాప్యమున జ్ఞప్తికి దెచ్చుకొని గ్రంథస్థము చేసిన ధారణాశక్తి గలవాడు. తల్లి హెల్వియా. ముగ్గురు కుమారులలో మన సెనెకా నడిమివాడు. పెద్దవాడగు నొవాటసును మరియొక కుటుంబమువారు దత్తు చేసికొనగా అతనికి గల్లియో అను పేరు వచ్చెను. బైబిలు చదువువారికి ఈ పేరు క్రొత్త కాదు. అపొస్తలుల కార్యములు 18వ అధ్యాయమున, కొరింథు పట్టణపు యూదులు పౌలును న్యాయపీఠము నెదుటికి తీసికొని వచ్చినపుడు, అది వారి ధర్మశాస్త్రమునకు చెందిన వాదమే గాని నేరము కాదని చెప్పి వారిని పంపివేసిన అకయ దేశాధిపతి ఇతడే. గ్రీసు దేశమున దెల్ఫీ యొద్ద దొరికిన యొక శాసనమును బట్టి, అతడు అకయను పాలించినది క్రీ. శ. 51, 52 ప్రాంతమని పండితులు నిర్ణయించిరి. కడపటివాడు మేలా; ఇతని కుమారుడే లూకన్ అను కవి.

సెనెకా చేతిబిడ్డగా నున్నపుడే తల్లి తోబుట్టువొకతె ఇతనిని రోమునకు తీసికొని వచ్చెను. బాల్యమునుండియు దేహము దుర్బలము. ఊపిరి యాడని వ్యాధి యొకటి ఇతనిని జీవితాంతము విడువలేదు. పడుచుతనమున నొకప్పుడు ఆ బాధ యెంత హెచ్చెననగా, ప్రాణము తీసికొనవలెనను తలంపు కూడ పుట్టెను. వృద్ధుడగు తండ్రి తన్ను పోగొట్టుకొని బ్రదుకజాలడని యెంచి ఆ తలంపును మానుకొనెను. ఏ క్షణమునందైనను ఊపిరి ఆగిపోవచ్చునని చిన్ననాటనే తెలిసికొన్నవానికి దినముల విలువ ఇతరులకంటె ముందుగా తెలియుట వింత కాదు.

తండ్రి ఇతనిని న్యాయవాదిని చేయదలచి వాక్చాతుర్యమును నేర్పించెను. కుమారుని మనస్సు తత్త్వశాస్త్రముమీద నుండెను. ఆ దినములలో అత్తలస్ అను స్తోయిక గురువు రోమున బోధించుచుండెను. సెనెకా అతని బడికి అందరికంటె ముందు పోయి, అందరికంటె వెనుక వచ్చెడివాడు. గురువు షికారు పోవుచున్నపుడు సయితము వెంటబడి ప్రశ్నలు వేసెడివాడు. గంట కొట్టక పూర్వమే పుస్తకములను సంచిలో సర్దుకొను శిష్యులు గల మావంటి ఉపాధ్యాయులకు అత్తలసుపై కొంత యసూయ కలుగుట సహజము. ఆ గురువు నేర్పిన నియమములలో కొన్నింటిని సెనెకా ముసలితనము వరకు విడువలేదు. పరుండినను దేహపు గుర్తు పడని గట్టి పరుపు, ద్రాక్షారసము లేని భోజనము, సుగంధతైలములు పూయని శరీరము అట్టివి. మరియొక గురువు మాట విని మాంసాహారమును కూడ ఒక సంవత్సరము మానెను. కాని తిబెరియ చక్రవర్తి విదేశీయ మతాచారములను అనుమానించి అణచుచున్న దినములవి; మాంసము మానుట కూడ అట్టి యాచారమునకు గుర్తుగా ఎంచబడుచుండెను. కావున తండ్రి బ్రతిమాలగా మరల తినసాగెను. తండ్రికి అపవాదు భయముకంటె తత్త్వశాస్త్రముపై గల యయిష్టమే హెచ్చని కుమారుని యభిప్రాయము.

స్తోయికులనగా నెవరో ఇచ్చట కొంచెము చెప్పవలెను. క్రీ. పూ. 300 ప్రాంతమున, ఏథెన్సు నగరమునందు చిత్రములు వ్రాసిన యొక మంటపమున జెనో అను నతడు శిష్యులకు బోధించెను. అట్టి మంటపమునకు గ్రీకు భాషలో స్తోవా యని పేరు. దానినిబట్టి అతని శిష్యులకు స్తోయికులను పేరు కలిగెను. పౌలు ఏథెన్సునకు వచ్చినపుడు అతనితో వాదించిన జ్ఞానులలో ఎపికూరీయులతోపాటు వీరును ఉండిరి. వీరి సిద్ధాంతము విరివియైనది. మన కథకు కావలసినది ఒక్క యంశము. ధనము, పదవి, కీర్తి, ఆరోగ్యము మన వశమున నుండునవి కావు. ఇవి వచ్చినందున ఎవడును మంచివాడు కాడు, పోయినందున చెడ్డవాడు కాడు. మన వశమున నున్నవి మన తీర్పును, మన నడవడియును మాత్రమే. సెనెకా ఈ బోధను కాలమునకు అన్వయించెను. పొలమునకు గట్టు వేసి కాపలా పెట్టుకొనువాడు, అప్పిచ్చిన ధనమునకు పత్రము వ్రాయించుకొనువాడు, తన దినములను మాత్రము అడిగినవారి కెల్లరకు ఊరక పంచిపెట్టునేల యని ఇతడు ఆశ్చర్యపడెను. కాలము వస్తువువలె కంటికి కనబడదు గనుక దానిని ఇచ్చువానికి ఇచ్చితినను స్పృహ యుండదు, పుచ్చుకొన్నవానికి పుచ్చుకొంటినను సిగ్గు ఉండదు.

ఆరోగ్యము కొరకు సెనెకా ఈజిప్టు దేశమునకు పోయెను. ఇతనిని పెంచిన తల్లి తోబుట్టువు భర్త ఆ దేశమున 16 సంవత్సరములు రోమను అధిపతిగా నుండెను. 31వ సంవత్సరమున అతడు తిరిగివచ్చుచు ఓడలోనే మరణించెను. సెనెకా ఇండియాను గూర్చి కూడ ఒక గ్రంథము వ్రాయ యత్నించెననియు, అందు మన దేశపు నదులు 60, జాతులు 118 అని లెక్కించెననియు ప్లీనీ అను రోమను గ్రంథకర్త తెలిపియున్నాడు. ఈజిప్టు రేవులనుండి ఓడలు మన తీరములకు వచ్చుచుండిన కాలమది. అగస్టసు, తిబెరియ చక్రవర్తుల నాణెములు మన తెలుగుదేశమున పలుచోట్ల భూమిలో దొరికినవి. సెనెకా గ్రంథము మాత్రము దొరకలేదు.

రోమునకు వచ్చిన పిమ్మట ఇతడు సెనేటు సభయందును న్యాయసభలయందును గొప్ప వక్తయని పేరొందెను. కలిగులా చక్రవర్తికి ఆ కీర్తి కంటగింపయ్యెను. చంపించుటకు కూడ నిశ్చయించెననియు, క్షయరోగముతో త్వరలోనే చావనున్నవానిని చంపనేలయని యొక స్త్రీ చెప్పుటచేత విడిచెననియు ఒక చరిత్రకారుడు వ్రాసెను. 41వ సంవత్సరమున క్లౌదియ చక్రవర్తి సింహాసనమెక్కెను. ఆతని భార్యయగు మెస్సలీనా ప్రేరణచేత, రాజకుటుంబపు స్త్రీ యొకతె విషయమున సెనెకాపై అపవాదు మోపబడెను. మరణదండన తప్పి ద్వీపాంతరవాసము విధింపబడెను. కొడుకు చనిపోయి ఇరువది దినములైనను కాకమునుపే ఇతడు కొర్సికా ద్వీపమునకు ఓడ యెక్కెను.

అచ్చట ఎనిమిది సంవత్సరములు గడచెను. మొదట ఇతడు తల్లిని ఓదార్చుచు ఒక లేఖ వ్రాసెను. ఏ ద్వీపమునకు తరిమినను తలమీద ఆకాశము, నక్షత్రములు ఉండునని, చదువుకొను మనస్సును ఎవరును ద్వీపాంతరము పంపజాలరని అందలి భావము. అది చదివినవారికి ఇతనిపై గౌరవము కలుగును. కొలది కాలమునకే చక్రవర్తి కొలువులోని పొలీబియసు అనువానికి మరియొక లేఖ వ్రాసెను. అందు చక్రవర్తిని పొగడిన పొగడ్త యంతయు తన్ను వెనుకకు రప్పించుకొనవలెనను ఆశచేతనే. అది చదివినవారికి ఇతనిపై జాలి కలుగును. ఎనిమిదేండ్ల యేకాంతము, చేతినిండ కాలము, చదువుటకు తీరిక, అన్నియు నుండియు ఇతని చూపు రోమువైపే యుండెను.

49వ సంవత్సరమున ఆ కోరిక నెరవేరెను. మెస్సలీనా చనిపోయెను, క్లౌదియ క్రొత్త భార్యయగు అగ్రిప్పీనా సెనెకాను రప్పించి, ఉద్యోగమిప్పించి, పదునొకండేండ్ల తన కుమారునికి గురువుగా నియమించెను. ఆ బాలుడే నీరో.

ఈ దినములలోనే ఇతడు జీవితపు అల్పత్వమును గూర్చి యొక చిన్న గ్రంథమును రచించెను. అది 49లో వ్రాయబడెనని కొందరును, 55లో నని కొందరును చెప్పుదురు. పౌలీనసు అను నతని నుద్దేశించి అది వ్రాయబడెను. ఇతడు సెనెకా భార్యయగు పౌలీనాకు తండ్రియని పలువురు తలంతురు. పౌలీనసు ఉద్యోగము సామాన్యమైనది కాదు; రోమాపురమునకు ధాన్యము సమకూర్చు శాఖ యంతయు అతని చేతిలో నుండెను. ఆ మహానగరమున సుమారు 2 లక్షల మందికి ప్రభుత్వము ఉచితముగా ధాన్యము పంచుచుండెను. ఈజిప్టునుండియు ఉత్తర ఆఫ్రికానుండియు ఓడలు రావలెను. వచ్చిన ధాన్యమును కొలిపించి, తడియకుండ, పురుగు పట్టకుండ, దొంగల పాలు గాకుండ కొట్లలో కాపాడవలెను. కలిగులా తన వేడుక కొరకు సముద్రముపై ఓడలతో వంతెన కట్టించినందున, అతడు చచ్చునాటికి నగరమున ఏడెనిమిది దినముల గ్రాసము మాత్రమే మిగిలియుండెనని సెనెకా ఆ గ్రంథముననే చెప్పెను. అట్టి బరువు మోయుచున్న యుద్యోగికి, ప్రజల ధాన్యమునకు లెక్క వ్రాసినది చాలును, ఇకనైనను తన యాయువునకు లెక్క వ్రాసికొమ్మని సలహా యిచ్చుటకే గ్రంథమంతయు వ్రాసెను.

ఆయువు తక్కువైనదని మనుష్యులు ప్రకృతిని నిందించుట న్యాయము కాదని ఇతని వాదము. ఇచ్చినది చాలినంతయే, దుబారా చేయువాని చేతికి ఎంత యాస్తి చిక్కినను నిలువదు, అంతే. నూరేండ్లు నిండవచ్చిన వృద్ధునొకనిని ఎదుట నిలువబెట్టి ఇతడు జమాఖర్చు వేయించెను. అప్పులవారికి పోయిన దినములెన్ని, పెద్దల వాకిండ్లయందు కాచుకొనియున్న దినములెన్ని, భార్యతో కలహించిన దినములెన్ని, దాసులను దండించిన దినములెన్ని, కొని తెచ్చుకొన్న రోగముల కెన్ని, ఊరక గడచినవెన్ని? ఇవి యన్నియు తీసివేయగా మిగిలినవే అతడు నిజముగా బ్రదికిన దినములు. ఆ లెక్క ప్రకారము నూరేండ్లవాడును పసివాడుగనే చచ్చుచున్నాడు.

గ్రంథమున నవ్వు పుట్టించు సంగతులును లేకపోలేదు. మంగలి యెదుట గంటల కొలది కూర్చుండి వెంట్రుక వెంట్రుకకు మంతనమాడువారు కలరు. స్నానశాలనుండి దాసులు ఎత్తికొనివచ్చి పీఠముపై నుంచగా, తాను కూర్చుండెనో లేదో ఇతరులను అడిగి తెలిసికొనిన శ్రీమంతుడొకడు కలడు. తురానియసు అను ముసలియుద్యోగి కథ మరింత విచిత్రమైనది. తొంబది యేండ్లు దాటిన ఇతనిని కలిగులా పనినుండి తొలగించెను. తురానియసు ఇంటికి పోయి, మంచముమీద పరుండి, తాను చచ్చినట్లుగా ఇంటివారందరిచేత ఏడ్పించెను. ఉద్యోగము తిరిగి వచ్చువరకు ఆ యేడ్పు ఆగలేదు. ఇక పండితుల వంతు. యులిస్సీసు ఓడకు తెడ్లు వేసినవారెందరు, హోమరు కావ్యములు రెంటిలో ఏది ముందు పుట్టినది, ఇట్టి విచారములలో పడి ముసలివారగువారిని సెనెకా పరిహసించెను. ఈ దెబ్బ మావంటివారికి తగులును. పరీక్షలలో ఇట్టి ప్రశ్నలు నేటికిని అడుగుచునే యున్నాము.

మరి కాలమును ఎట్లు వాడవలెను? గడచిన కాలము ఎవరును దోచుకొనజాలని నిధి. కాని తీరికలేనివాడు వెనుదిరిగి చూడడు, చూచిన సిగ్గుపడవలసి వచ్చునని భయపడును. రాబోవు కాలము మన చేతిలో లేదు. ఇప్పటి దినము చేతిలో నున్నది, దానినే రేపటి కొరకని వాయిదా వేయుచున్నాము. పూర్వజ్ఞానుల గ్రంథములతో సహవాసము చేయువాడు తన ఆయువునకు వారి శతాబ్దములన్నిటిని కలుపుకొనునని ఇతని నమ్మకము.

ఈ గ్రంథమున నాకు రుచింపని సంగతి యొకటి కలదు. పౌలీనసు పని మానినచో ధాన్యము సంగతి యేమి? బరువులు మోయుటకు మందగొడి పశువులు చాలును, జాతిగుర్రములపై మూటలు వేయనేల యని సెనెకా సమాధానము. ఆకలిగొన్నవారి కొరకు ధాన్యము కొలుచుట తక్కువ పనియని తలంచుట తప్పు. అదియటుండనిండు. పౌలీనసును పని విడువుమని చెప్పిన యీ పెద్దమనుష్యుడు తాను మాత్రము అదే కాలమున రాజభవనపు మెట్లు ఎక్కుచుండెను.

54వ సంవత్సరమున క్లౌదియ మరణింపగా, పదునారేండ్ల నీరో చక్రవర్తి యయ్యెను. పరిపాలనము సెనెకా చేతిలోనికిని, సేనాపతియగు బుర్రసు చేతిలోనికిని వచ్చెను. మొదటి యైదేండ్లు దేశము చక్కగా ఏలబడెనని ప్రాచీనులే చెప్పుకొనిరి. సెనెకా ఆ బాలునికి దయాగుణమును బోధించుచు ఒక గ్రంథము వ్రాసెను. కాని 55లోనే నీరో తన సవతితమ్ముని విషముపెట్టి చంపించెను. 59లో కన్నతల్లిని చంపించెను. తల్లిని చంపిన పిమ్మట ఆ కార్యమును సమర్థించుచు సెనేటునకు పోయిన లేఖను వ్రాసిన చేయి సెనెకాదే. ఇంతటి కళంకము ఇతని చరిత్రమున మరియొకటి లేదు. నిలిచియున్నచో కొంత కీడునైనను ఆపగలనని అతడు తలంచెనేమో. కొలువు విడువలేని ప్రతివాడును అట్లే తలంచును.

ఆస్తియు పెరిగెను. రాజస్నేహము దొరికిన నాలుగేండ్లలో ముప్పది కోట్ల సెస్టెర్టియసులు ఎట్లు కూడబెట్టెనని శత్రువొకడు బహిరంగముగా నిలదీసెను. ఆ దినములలో రోమను కాల్బంటు ఏటి జీతము 900 సెస్టెర్టియసులని తెలిసిన ఆ మొత్తము ఎంతటిదో బోధపడును. ధనము ఉండినను దానికి దాసుడు గాకుండుటయే జ్ఞానమని సెనెకా బదులు చెప్పెను. స్తోయిక సిద్ధాంతము ప్రకారము అది తప్పు సమాధానము కాదు. అయినను తోటలకు, భవనములకు, బాకీదారులకు, ఉదయమున వాకిట మూగు ఆశ్రితులకు ఎన్ని దినములు పోయెనో, ఆ నూరేండ్ల వృద్ధుని యడిగిన ప్రశ్న ఇతనిని ఎవరైన అడిగియుండిన బాగుండెడిది.

62వ సంవత్సరమున బుర్రసు మరణించెను. సెనెకా నీరో యొద్దకు పోయి, తన యాస్తినంతయు తిరిగి పుచ్చుకొని సెలవిమ్మని వేడుకొనెను. నీరో కౌగిలించుకొని, ముద్దుపెట్టుకొని, నిరాకరించెను. అయినను సెనెకా ఉదయపు దర్శనములను ఆపివేసెను. వెంట పరివారము లేకుండ, ఆరోగ్యము బాగులేదనియో చదువుకొనుచున్నాననియో చెప్పి ఇంటనే యుండసాగెను. అప్పటికి ఇతనికి అరువదియైదేండ్లు దాటినవి. ఇకనుండి మూడేండ్లు మాత్రమే మిగిలినవి. అవి మూడేయని ఇతనికి తెలియదు, గాని ఎక్కువ కావని తెలియును.

ఈ మూడేండ్లలోనే లూసిలియసు అను మిత్రునికి ఇతడు లేఖలు వ్రాసెను. అందు 124 మనకు మిగిలియున్నవి. లూసిలియసు సిసిలీ ద్వీపమున రాజోద్యోగి. మొదటి లేఖ కాలమును గూర్చియే. తాను దుబారా చేయనని సెనెకా అందు చెప్పుకొనలేదు. ఖర్చుచేయుచున్నను లెక్క వ్రాసికొను మనుష్యునివలె, ఏమి పోయినదో ఎందుకు పోయినదో మాత్రము చెప్పగలనని ఒప్పుకొనెను. పదుమూడు పదునాలుగేండ్లు కొలువులో పోగొట్టుకొన్న వానికి తగిన మాటయే యది.

లెక్క వ్రాయుట యనునది ఇతనికి ఉపమానము మాత్రము కాదు; అనుదిన కార్యము. ప్రతిరాత్రి దీపము తీసివేసిన పిమ్మట, భార్య మౌనముగా నుండగా, ఇతడు ఆ దినమంతయు మరల నడచివచ్చెడివాడు. ఎవరితో ఏమంటిని, ఎచ్చట కోపము హద్దుమీరెను, ఎవనికి నచ్చజెప్పబోయి నొప్పించితిని, ఏ చెడుగును ఈ దినము ఎదిరించితిని? తనయెదుట తానే ముద్దాయిగను న్యాయాధిపతిగను నిలిచి, ఏదియు దాచక, తుదకు మన్నించుకొని నిద్రించెడివాడు. ఈ యలవాటు సెక్స్టియసు అను పూర్వుని యొద్దనుండి నేర్చుకొన్నది. ప్రార్థన చేసికొని పరుండు ఇండ్లలో పెరిగినవారికి ఇది పరాయిదిగా తోచదు.

చదువు విషయమున కూడ ఇతనికి నియమముండెను. అనేక గ్రంథములను తిరుగవేయుట ఊరూరు తిరుగు ప్రయాణికునివలె బసలు పెక్కు గలిగి స్నేహితుడొక్కడును లేకుండుట యని తలంచి, కొలదిమంది గ్రంథకర్తల యొద్దనే నిలిచెను. దినమునకు ఒక్క తలంపు ఏరుకొని, దానిని ఆ దినమంతయు నెమరువేసి, మిత్రునికి లేఖతో పంపెడివాడు. ఆ తలంపులు తరచుగా స్తోయికుల ప్రతిపక్షియగు ఎపికూరసువి. మంచిమాట ఎవని యింట దొరికినను తనదేయని పుచ్చుకొనెడివాడు. ఇంత వయస్సు వచ్చియు నేపిల్సు పట్టణమున ఒక తత్త్వవేత్త బడికి పోయి పడుచువారి నడుమ కూర్చుండి పాఠములు వినెను. సంగీత నాటకశాల నిండియుండగా ఆ బడి దాదాపు శూన్యముగా నుండెనట.

ఒక దినము ఎట్లు గడపితివో వ్రాయుమని లూసిలియసు అడుగగా సెనెకా వ్రాసి పంపెను. కొంత వ్యాయామము, తోడుగా ఫారియసు అను పసిదాసుడు. ఆ బాలునికి పాలపండ్లు ఊడుచున్నవి, తనకు ముసలిపండ్లు ఊడుచున్నవి గనుక ఇద్దరిది ఒకే వయస్సని వేళాకోళము. తరువాత చన్నీటి స్నానము, బల్ల వేయనక్కరలేని, పిమ్మట చేతులు కడుగనక్కరలేని ఎండురొట్టె భోజనము, కునుకుపాటు. మిగిలినది చదువు. మరియొకప్పుడు స్నానశాలకు పైన బస చేసెను. క్రింద బరువులెత్తువారి మూలుగులు, మర్దనము చేయువాని చేతి చరుపులు, బంతుల లెక్క చెప్పువాని కేకలు, నీటిలో దుముకువారి చప్పుడు, తినుబండారములమ్మువారి అరుపులు. మనస్సు నెమ్మదిగా నున్నవానిని ఈ రొద యేమియు చేయజాలదని లేఖ పొడుగునను వాదించి, కడపట, అయినను ఇల్లు మారుటకే నిశ్చయించితినని ముగించెను. పరీక్షల ముందు పెండ్లిమేళముల ప్రక్కన చదువుకొనవలసి వచ్చిన విద్యార్థులు ఈ ముగింపును మెచ్చుకొందురు.

అన్నిటికంటె నాకు ప్రియమైనది ఇతడు పల్లెయందలి తన తోటయింటికి పోయినప్పటి లేఖ. ఇల్లు శిథిలమగుచున్నదని చూచి కాపరిని కోపించెను. తన లోపము కాదు, ఇల్లు పాతదైనదని కాపరి చెప్పెను. ఆ యిల్లు సెనెకా తానే కట్టించినది. చెట్లు వాడియున్నవని కోపించెను. అవి ముసలివైనవని కాపరి చెప్పెను. ఆ చెట్లు సెనెకా తన చేతులతో నాటినవి. వాకిట పండ్లు లేని ముసలివాడొకడు నిలిచియుండెను. వీడెవడని అడుగగా, చిన్ననాట సెనెకా బొమ్మలు తెచ్చి యిచ్చుచుండిన ఫెలీసియో యని తెలిసెను. తన వయస్సు ఎంతయో సెనెకాకు అచ్చట తెలియవచ్చెను. ఆ లేఖయందే ప్రతిదినమును కడపటి దినమువలె ముగించుకొనవలెనని, మరునాడు లేచినచో దానిని లాభము క్రింద జమకట్టుకొనవలెనని వ్రాసెను.

ఈ కాలముననే ప్రకృతి విషయములను గూర్చి ఏడు పుస్తకములు వ్రాసెను. మెరుపులు, వరదలు, తోకచుక్కలు, పాంపేయి పట్టణమును ఆ దినములలో కదలించిన భూకంపము అందలి విషయములు. ఆలస్యముగా బయలుదేరిన బాటసారి వడిగా నడచినట్లు నడచెను.

64వ సంవత్సరమున రోము తగులబడెను. ఆ నేరము క్రైస్తవులపై మోపి నీరో వారిని క్రూరముగా చంపించెను. సెనెకా వారిని గూర్చి యొక్క మాటయు వ్రాసినట్లు కనబడదు. పౌలునకును సెనెకాకును నడచినవని చెప్పబడు 14 లేఖలు పూర్వము ప్రచారములో నుండెను. నాలుగవ శతాబ్దమున జెరోము వానిని పేర్కొని సెనెకాను పరిశుద్ధుల జాబితాలో చేర్చెను. తరువాత ఎరాస్మసు మొదలగు పండితులు అవి కల్పితములని తేల్చిరి. అన్న యెదుట నిలిచిన పౌలు తమ్ముని కూడ చూచియుండిన బాగుండునని కోరినవారెవరో వానిని వ్రాసియుందురు. ఇద్దరును ఒకే నగరమున, ఒకే చక్రవర్తి క్రింద మరణించిరని మాత్రము సంప్రదాయము చెప్పుచున్నది.

అగ్నిప్రమాదము పిమ్మట సెనెకా మరల సెలవడిగెను, మరల దొరకలేదు. విషము పెట్టుదురను అనుమానముచేత పండ్లు తిని, పారునీరు త్రాగి బ్రదుకుచుండెను. 65వ సంవత్సరపు వసంతమున పీసో యనువాడు నీరోను చంపుటకు పన్నిన కుట్ర బయటపడెను. అందు సెనెకాకు పాలు గలదో లేదో చరిత్రకారులు నేటికిని ఏకీభవింపలేదు. నీరోకు ఆ సందేహము అవసరము లేకపోయెను.

రోమునకు నాలుగు మైళ్ల దూరమున నున్న తోటయింట, భార్యతోడను ఇద్దరు మిత్రులతోడను భోజనము చేయుచుండగా సైనికులు ఇల్లు చుట్టుముట్టిరి. తన చేతితో తానే చావవలెనని చక్రవర్తి యాజ్ఞ. అట్టి చావును స్తోయికులు తప్పుగా ఎంచలేదు. ఆ విషయమున మనము వారితో ఏకీభవింపము. మరణశాసనము వ్రాయుటకు సెలవడుగగా సేనాధికారి నిరాకరించెను. సెనెకా మిత్రులవైపు తిరిగి, ఇయ్యదగిన దేదియు ఇయ్యనియ్యరు గనుక తన జీవితపు మాదిరినే వారికి విడిచిపోవుచున్నానని చెప్పి, ఏడ్చుచున్నవారిని మందలించెను. పౌలీనా తానును వెంట వత్తునని పట్టుపట్టెను. నీరో ఆజ్ఞచేత ఆమెను మాత్రము బ్రదికించిరి. కొలది సంవత్సరములు పాలిపోయిన ముఖముతో జీవించి, భర్తను స్మరించుచు ఆమె గతించెను.

సెనెకా మరణము త్వరగా రాలేదు. వృద్ధాప్యమువలనను అల్పాహారమువలనను కృశించిన దేహమున రక్తము నెమ్మదిగా పారెను. ఆ వ్యవధిని కూడ ఇతడు ఊరక పోనీయలేదు. లేఖకులను పిలిపించి చాలసేపు చెప్పి వ్రాయించెను. దాదాపు అర్ధశతాబ్దము పిమ్మట ఈ చరిత్రమును వ్రాసిన టాసిటసు, ఆ కడపటి మాటలు అప్పటికే ప్రకటింపబడి అందరికి తెలిసియున్నవి గనుక తాను మరల వ్రాయనక్కరలేదని వానిని విడిచిపెట్టెను. ఆ ప్రతులన్నియు తరువాత నశించెను.